పుట్టిన ఊరు రంగం

2026 జనవరి, సోమవారం, ఇంకా తెల్లారలేదు

"ఆంధ్రా దాటీసేమేటి?" అంది అమ్మ, దుప్పట్లోంచి తల బయటపెట్టి. గుమ్మిడిపూండి స్టేషను లైట్లు వెనక్కి పోతున్నాయి. దాటేశామన్నాను.

"మరెవులూ లేపలేదే!"

అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. పదమూడేళ్ళప్పుడు ఓడ దిగి మద్రాసు రేవులో అడుగుపెట్టింది. ఆ రోజు నుంచి ఆవిడ లెక్కలో సరిహద్దంటే ఎవరో ఒకరు లేపి, మూటలు విప్పించి, తండ్రి పేరడిగే చోటు. తడ దగ్గర ఆ పని చేసేవాళ్ళు లేరు. స్టేషను బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా ఉన్నంతసేపూ మనది, ఆ తర్వాత వాళ్ళది, అంతే.

మేం వచ్చింది అమెరికా వీసా కోసం. డాలస్‌లో ఉన్న తమ్ముడికి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, మొన్న ఆగస్టులో కొడుకు పుట్టాడు. విశాఖపట్నం వాళ్ళం కాబట్టి హైదరాబాదు వెళ్ళాల్సింది గానీ చెన్నైలో స్లాటు ముందు దొరికింది. పైగా మావయ్య ఇక్కడే, వ్యాసర్‌పాడిలో. సంక్రాంతి రద్దీ ఇంకా తగ్గలేదు, మెయిల్లో రెండు బెర్తులు దొరకడమే గొప్ప.

వీసా ఫారం నింపింది నేనే. డీఎస్-160 అంటారు. అందులో చదువూ ఉద్యోగాలూ అమ్మకి రెండు నిమిషాల పని. చదువు రంగంలో అయిదో తరగతి, ఉద్యోగం మా బర్మా క్యాంపు వీధి మొగలో ముప్ఫై ఏళ్ళు ఇడ్లీ బండి. అయిదేళ్ళుగా ఏయే సోషల్ మీడియా వాడారో రాయమని 2019 నుంచి అడుగుతున్నారు. అమ్మకి ఫేస్‌బుక్ ఖాతా ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. పక్కింటి పిల్ల తెరిచిపెట్టిందట. లోపల మూడు వెంకటేశ్వరస్వామి బొమ్మలు, ఒక గోంగూర పచ్చడి. రాసేశాను. నా చెయ్యి ఆగింది ఆ తర్వాత కాదు, ముందే: పుట్టిన ఊరు, పుట్టిన దేశం అన్న గళ్ళ దగ్గర.

అమ్మ పుట్టింది రంగంలో. మావైపు రంగూన్‌ని రంగం అనే అంటారు. తమ్ముడు మరీమరీ చెప్పాడు, ఆ గడిలో తప్పు రాయొద్దని. దేశాల పట్టీలో మయన్మార్ కోసం వెతికితే కనపడలేదు. అమెరికా ప్రభుత్వం ఆ దేశాన్ని ఇప్పటికీ బర్మా అనే రాస్తుంది. బర్మా దగ్గర నొక్కి ఊరుకున్నాను గానీ గుండె పీచుపీచుమంటూనే ఉంది. పోయిన ఏడాది జూన్‌లో ట్రంప్ పన్నెండు దేశాల వాళ్ళకి ప్రవేశం ఆపినప్పుడు ఆ జాబితాలో బర్మా ఉంది. ఆ ఆంక్ష పౌరసత్వాన్ని బట్టి, పుట్టిన చోటును బట్టి కాదు. అమ్మ చేతిలో ఉన్నది భారతదేశపు పాస్‌పోర్టు. ఈ ముక్క నేను వందసార్లు చదువుకున్నాను. ధైర్యం మాత్రం రాలేదు.

సెంట్రల్ స్టేషన్లో దిగేసరికి రిపబ్లిక్ డే తనిఖీలు. మా సంచులు యంత్రంలోకి పంపించారు. అమ్మ సంచిలోంచి మావయ్య కోసం తెచ్చిన ఎండు మెత్తళ్ళ పొట్లం తీయించి, వాసన చూసి, మళ్ళీ పెట్టుకోమన్నారు.

"ఇప్పుడు వొచ్చీసేం" అంది అమ్మ తృప్తిగా.

సోమవారం, వ్యాసర్‌పాడి

మావయ్య ఇల్లు రెండు గదులు, మీద రేకుల షెడ్డు. డెబ్బైకి ఒకటి తక్కువ ఆయనకి. అక్క గుమ్మంలోకి రాగానే "అప్పా" అని ఆమె చేతిలో సంచి లాక్కున్నాడు, కాళ్ళకి దణ్ణం పెట్టలేదు, మోకాళ్ళు వంగవు. అత్తది రంగంలోని తమిళ కుటుంబం. ఇంట్లో మూడు భాషలు కలిపి వండుతారు. నాకు అర్థం కాకూడనివి ఇప్పటికీ బర్మీస్‌లోనే.

టీ తాగకముందే మావయ్య ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "నువ్వు బడిలో పాఠాలు చెప్తావుగా, ఇది చదివి చెప్పు." ఓటరు జాబితా సమగ్ర సవరణ కాగితాలు. తమిళనాడులో నవంబరు 4న ఇంటింటికీ ఫారాలిచ్చారు. డిసెంబరు 19న వచ్చిన ముసాయిదాలో 97 లక్షలకు పైగా పేర్లు లేవు. చనిపోయినవాళ్ళు, ఇల్లు మారినవాళ్ళు, రెండు చోట్ల ఉన్నవాళ్ళు అని లెక్క చెప్పారు. మావయ్య పేరు ఉంది. ఉన్నా నిద్రపట్టని మనిషి. ఎందుకంటే ఇరవయ్యేళ్ళ కిందటి జాబితాలో మీ పేరు చూపించండి అన్నప్పుడు ఆయన నాలుగు రాత్రులు కొడుకు ఫోనులో వెతికాడు. చివరికి దొరికింది, క అక్షరం కింద. ఆయన పేరు గ-తో మొదలవుతుంది. తమిళంలో గ కీ క కీ ఒకటే అక్షరం. తెలుగు పేరు తమిళంలోకి వెళ్ళి, అక్కణ్నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆయన ఇంకొకడైపోయాడు.

"నేను నేనేనని ఆ టీచరమ్మ నమ్మింది గనక సరిపోయింది" అన్నాడు. బూత్ అధికారిగా తిరిగినావిడ ఇక్కడి బడి పంతులమ్మేనట. నాకు ఆవిడ మీద జాలేసింది. ఆ డ్యూటీ ఏమిటో నాకు తెలుసు.

ఫారాలతో పాటు ఇచ్చిన డిక్లరేషన్ చదువుతుంటే మూడు తరగతులు కనిపించాయి. 1987 జూలై 1కి ముందు ఇండియాలో పుట్టినవాళ్ళు తమ కాగితం చూపిస్తే చాలు. ఆ రోజు నుంచి 2004 డిసెంబరు 2 లోపు పుట్టినవాళ్ళు తమదీ, తల్లిదండ్రుల్లో ఒకరిదీ చూపించాలి. ఆ తర్వాత పుట్టినవాళ్ళయితే తమదీ, తల్లిదీ, తండ్రిదీ. ఇవి ఎన్నికలవాళ్ళు కనిపెట్టిన తేదీలు కావు. పౌరసత్వ చట్టంలోవి. 1955లో చట్టం చేసినప్పుడు ఈ నేల మీద పుడితే చాలు, భారతీయుడే. అస్సాం ఆందోళన తర్వాత ఆ తలుపు సగం వేశారు, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2003 సవరణ, అమల్లోకి వచ్చింది 2004 డిసెంబరు 3న, ఇంకా బిగించింది: ఒకరు పౌరులైతే చాలదు, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. అంటే పుట్టుకని నేల దగ్గర్నుంచి తీసి నెత్తుటికి కట్టారు. నెత్తురు రుజువు చెయ్యాలంటే కాగితం కావాలి.

మరి మావయ్య ఈ మూడు తరగతుల్లో దేన్లోకీ రాడు. కింద ఇంకో వరస ఉంది: ఇండియా బయట పుట్టినవాళ్ళు, విదేశంలోని మన రాయబార కార్యాలయం ఇచ్చిన జనన నమోదు జత చెయ్యాలి. ఆయన ఆ వరస మీద వేలు పెట్టి చూపించాడు. అడిగితే ఏమిచ్చేవాడివి మావయ్యా అన్నాను.

మంచం కింద నుంచి రేకుపెట్టె లాగాడు.

పెట్టెలో తాతయ్య కాగితాలు నాలుగే మిగిలాయి. మడతల దగ్గర చిరిగి, సెల్లోటేపు పసుపెక్కి. ఒకదాని మీద బర్మా గుండ్రటి అక్షరాలు, మన తెలుగుకి దూరపు చుట్టంలా. కింద ఊదారంగు సిరాలో ఎడమ బొటనవేలి నిశాని. తాతయ్య సంతకం చెయ్యలేడు.

తాతయ్య 1933లో, పదిహేనేళ్ళ కుర్రాడు, కళింగపట్నంలో స్టీమరెక్కి రంగం పోయాడు. పాస్‌పోర్టు లేదు, అక్కర్లేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, శ్రీకాకుళం నుంచి కలకత్తా వెళ్ళడం ఎంతో రంగం వెళ్ళడమూ అంతే. 1937 ఏప్రిల్ 1న బర్మాని విడదీశారు. తాతయ్య ఆ రోజు కూడా రేవులో బియ్యం బస్తాలే మోశాడు. 1948లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు చేతికిచ్చారు. దాన్ని మావాళ్ళు ఎఫార్సీ అంటారు, తద్దినం పేరులాగా. తర్వాత బస్తాలు మాని చిన్న పచారీ కొట్టు పెట్టుకున్నాడు. 1962లో నే విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964 మార్చిలో రంగంలో కొట్లన్నీ జాతీయం చేశారు. మే నెలలో యాభై, వంద చాట్ల (చాట్ అంటే అక్కడి రూపాయి) నోట్లు చెల్లవన్నారు. ఆ దశాబ్దంలో సుమారు 3 లక్షల మంది మనవాళ్ళు ఓడలెక్కారు. అమ్మ చెవిదుద్దులు ఓడ ఎక్కేముందు తీయించేశారు, చెవుల్లో వేపపుల్లలు పెట్టుకుని మద్రాసులో దిగింది. అక్కడ వీళ్ళని కోరంగీలు అనేవారు, ఇక్కడికొచ్చాక కాందిశీకులు అన్నారు.

"ఈ కాగితం ఇస్తే తీసుకుంటారంటావా?" అన్నాడు మావయ్య.

ఏం చెప్పను. మళ్ళీ పెట్టెలో పెట్టమన్నాను.

మంగళవారం

ఇవాళ వేళ్ళ పని. ఇంటర్వ్యూకి ముందు రోజు విడిగా ఒక కేంద్రానికి వెళ్ళి ఫొటో, వేలిముద్రలు ఇవ్వాలి. నిజం చెప్పాలంటే నాకు ఇంటర్వ్యూ కంటే దీని భయమే ఎక్కువ. అమ్మ వేళ్ళు పనిచెయ్యవు. ముప్ఫై ఏళ్ళు రుబ్బురోలు, పెనం, చింతపండు. గీతలన్నీ అరిగి సబ్బుబిళ్ళల్లా అయ్యాయి. మా వీధి రేషన్ డిపోలో మిషను ఎన్నోసార్లు ఆమెని ఆమె కాదంది. అందుకని ఒక చిట్కా నేర్చుకుంది: వేలిని జుట్టులో రెండుసార్లు రాసి, ఆ కొబ్బరినూనె తడితో నొక్కడం. డిపోలో కొన్నిసార్లు అది ఫలించింది కూడా.

పెద్దావిడని చూసి నన్ను పక్కన నిలబడనిచ్చారు. మూడడుగుల గట్టు మీద ఆకుపచ్చగా వెలిగే గాజుపలక. అవతల కూర్చున్న అమ్మాయి తమిళంలో చెప్పింది, ముందు ఎడమచేతి నాలుగు వేళ్ళూ కలిపి, తర్వాత కుడిచేతివి, చివర రెండు బొటనవేళ్ళు. నాలుగు, నాలుగు, రెండు. అమ్మ తల ఊపి, నేను ఆపేలోపు, ఎడమచెయ్యి మొత్తం కొప్పులోకి పోనిచ్చి తీసి గాజు మీద పెట్టేసింది. తెర మీద నాలుగు వేళ్ళ బదులు నాలుగు ఆవకాయ మరకలు కనిపించాయి. ఆ అమ్మాయి నవ్వాపుకుని గాజు తుడిచింది. రెండోసారి పొడిబారిన వేళ్ళు, తెర ఎర్రబడింది. తడి టిష్యూ ఇచ్చి ఒక్కో వేలూ ఒత్తమంది. మూడోసారి తన కుర్చీలోంచి లేచి వచ్చి, అమ్మ వేళ్ళ మీద తన అరచెయ్యి ఆనించి, బిడ్డకి అక్షరాలు దిద్దించినట్టు గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆకుపచ్చ పడింది. ఆ నొక్కుడులో అమ్మ గోళ్ళు తెల్లబడటం నేను చూస్తూనే ఉన్నాను.

బయటికొచ్చాక అమ్మ తన వేళ్ళకేసి చూసుకుంటూ "మొత్తం పదీ ఎందుకే? మీ తాతనైతే ఒక్కటే అడిగేరు" అంది.

నేను కొంచెం చదువుకుని వచ్చానుగా, చెప్పకుండా ఉండగలనా. ఈ కాలపు వేలిముద్రల విద్య చాలావరకు మన దగ్గరే మొదలైంది. 1858లో బెంగాల్లో జంగీపూర్ దగ్గర ఒక తెల్లదొర, కాంట్రాక్టరు మాట తప్పకుండా ఉండాలని, ఒప్పందం మీద అతని అరచేతి ముద్ర వేయించాడు. 1897లో ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో కలకత్తాలో పెట్టారు. పద్ధతికి ఆంగ్లేయ అధికారి హెన్రీ పేరొచ్చింది, లెక్క కట్టిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అడుగునపడ్డారు. పది వేళ్ళ గొడవ దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో జరిగింది. అక్కడి ప్రభుత్వం భారతీయులందరూ పేర్లు నమోదు చేసుకుని పది వేళ్ళూ ఒత్తాలంది. 1908 ఆగస్టు 16న జొహనెస్‌బర్గ్ మసీదు ముందు గాంధీ, మనవాళ్ళూ ఆ సర్టిఫికెట్లు కుప్పపోసి తగలబెట్టారు. దక్షిణాఫ్రికా చెరకుతోటలకి మనవాళ్ళ మొదటి ఓడ కదిలింది 1860లో, ఈ మద్రాసు నుంచే.

అమ్మ అంతా వింది. "ఇప్పుడు తగలెడితే వీసా ఇవ్వరు గదా" అంది.

మా చిన్నప్పుడు వేలిముద్రగాడు అంటే తిట్టు. సంతకం నేర్చుకోవడమే వయోజన విద్య. అక్షరం వచ్చినవాడి మాటకి విలువ, రానివాడికి నిశాని. ఇప్పుడు పీహెచ్‌డీలూ డాక్టర్లూ వరసలో నిలబడి పది వేళ్ళూ ఒత్తి వస్తున్నారు, వాళ్ళ సంతకం ఎవరిక్కావాలి? అమెరికా విమానాశ్రయాల్లో ఇది 2004 జనవరిలో రెండు వేళ్ళతో మొదలై తర్వాత పదయింది. హోంలాండ్ సెక్యూరిటీ వాళ్ళ దగ్గర ఈ ముద్రలు 75 ఏళ్ళు ఉంటాయి. అంటే అమ్మకి నూట నలభై తొమ్మిది నిండేదాకా. మనవాళ్ళూ తక్కువ తినలేదు, ఈ-వీసా మీద వచ్చే విదేశీయుల వేళ్ళు మన విమానాశ్రయాల్లోనూ తీసుకుంటున్నారు. నిరుడు సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విదేశీయుల చట్టం 1920, 1939, 1946 నాటి పాత చట్టాలనీ 2000 నాటి ఇంకోదాన్నీ మింగి కూర్చుంది. దాని ప్రకారం హోటలు, ఆస్పత్రి, కాలేజీ కూడా తమ దగ్గరికొచ్చిన విదేశీయుడి సంగతి పైకి చెప్పాలి. సముద్రం ఒడ్డున ఉండాల్సిన చెక్‌పోస్టు ఆస్పత్రి రిజిస్టరులోకి వచ్చి కూర్చుందన్నమాట.

మధ్యాహ్నం మావయ్య కొట్టుకి, బర్మా బజారు. బీచ్ స్టేషను పక్కన రాజాజీ సాలై వెంట వరసగా డబ్బా కొట్లు. 1969లో కాందిశీకుల కోసం పెట్టారు. ఒకప్పుడు ఓడల మీద దొంగచాటుగా వచ్చే టేప్‌రికార్డర్లూ సెంట్లూ ఇక్కడ దొరికేవని మద్రాసు వెళ్ళొచ్చిన ప్రతివాడూ కథలు చెప్పేవాడు. ఇప్పుడు మావయ్య కొడుకు సెల్‌ఫోను కవర్లు, ఇయర్‌ఫోన్లు, సీసీ కెమెరాలు అమ్ముతున్నాడు. కెమెరాలే బాగా పోతున్నాయట. అరచేతంత కెమెరా తీసి మా వైపు తిప్పాడు. పక్కనున్న తెరలో నేనూ అమ్మా కనిపించాం, మా మొహాల చుట్టూ పసుపుపచ్చ గడులు. అమ్మ ఇటు జరిగితే గడి కూడా జరిగింది.

"దిష్టి తగుల్తాది, ఆపరా" అంది.

సాయంత్రం ఎదురుగా బండి దగ్గర అత్తో అనే బర్మా వంటకం తిన్నాం. నారింజరంగు నూడుల్స్‌లో పచ్చి ఉల్లి, క్యాబేజీ, వేయించిన వెల్లుల్లి, చింతపండు పులుసు, కారం వేసి చేత్తో కలిపి, మీద కరకరలాడే బేజో బిళ్ళలు నలిపి వేస్తారు. పక్కన అరటిదూట సూపు. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. బాగుందా అంటే, "రంగంలో దీన్లో ఎండురొయ్యల పొడి ఏసీవోరు" అంది. తర్వాత ఇంకో ప్లేటు చెప్పింది.

బుధవారం

జెమిని ఫ్లైఓవర్ పక్కన అమెరికా కాన్సులేటు. ఏడున్నరకే వరస. ఫోను లోపలికి రానివ్వరు గనక చుట్టుపక్కల ఫోన్లు, సంచులు దాచిపెట్టే చిన్న వ్యాపారం ఒకటి నడుస్తోంది. మన తెలుగు వరసలో గట్టిగానే వినిపిస్తోంది. నెల్లూరు జంట ఒకటి కోడలి పురిటికి, తిరుపతి కుర్రాడొకడు చదువుకి. చదువుకి వెళ్ళేవాళ్ళు నిరుడు జూన్ నుంచి తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ బహిరంగంగా తెరిచిపెట్టాలి. డిసెంబరు నుంచి హెచ్-1బీ వాళ్ళూ. ఆ కుర్రాడు వారం రోజులు కూర్చుని పాత పోస్టులు చెరిపేశాడట. ఏం చెరిపావు బాబూ అంటే సిగ్గుపడుతూ, "సినిమా హీరోల గొడవలండీ" అన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు తన నోరు తనే కడుక్కుని వచ్చాడు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ అడగలేదు కూడా. నన్నడిగితే ఈ మొత్తం ఏర్పాటులో వేలిముద్రల కంటే ఇదే పెద్ద సంగతి. వేలు ఉన్నదున్నట్టు ఒత్తుతాం; నోరు మాత్రం ముందే సర్దుకుంటుంది.

మావయ్య గేటు చూపించి "అది దాటితే అమెరికా గడ్డే" అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. కాదు. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం అనుమతి లేకుండా మన పోలీసులు లోపల పనిచేసే గదుల్లోకి వెళ్ళకూడదు, అంతవరకే. నేల మనదే. మన నేల మీద, మన మనిషిని, ఇంకో రాజ్యం తన గుమ్మంలో నిలబెట్టి జల్లెడ పడుతుంది. ఎవరు విమానం ఎక్కాలో ఇక్కడే తేలిపోతుంది. వలస వచ్చి ఉండిపోయే ఉద్దేశం మీకుందని ముందే అనుకుంటారు, లేదని మనం ఒప్పించాలి. వాళ్ళ చట్టంలో 214(బి) అన్న సెక్షను అది. మన దగ్గర కుర్రకారంతా ఆ నంబరు ఇంటిపేరులా పలుకుతారు. కాదంటే అప్పీలు లేదు. వీసా అధికారి నిర్ణయంలో సాధారణంగా తాము తలదూర్చమని వాళ్ళ సుప్రీంకోర్టే 2024లో మళ్ళీ చెప్పింది.

అమ్మ ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఫైలు గుండెకి ఆనించుకుని. నేను అడ్డరోడ్డు దాటి సెమ్మొళి పూంగా తోటలో బెంచీ మీద కూర్చున్నాను. తమ్ముడు డాలస్‌లో రాత్రి మేలుకుని పది నిమిషాలకోసారి మెసేజ్. వాడికి అమ్మ రావడం కంటే పెద్ద దిగులు ఇంకోటుంది. కొడుకు ఆగస్టులో పుట్టాడని చెప్పానుగా. నిరుడు జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు ప్రకారం తల్లిదండ్రులు తాత్కాలిక వీసాల మీద ఉంటే అక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు కాడు. కోర్టులు ఆపాయి. డిసెంబరులో సుప్రీంకోర్టు వింటామంది. 1868 నాటి పద్నాలుగో సవరణ, 1898లో ఒక చైనా దంపతుల కొడుకు విషయంలో ఇచ్చిన తీర్పు ఉన్నాయి గదా, ఏం కాదంటాను నేను. "మన దగ్గర 1987లో మార్చలేదా అక్కా?" అంటాడు వాడు. అవును మరి, నేనే వాడికి మొన్న ఆ తేదీలు చెప్పాను. మన దగ్గర మార్చింది చట్టంతో, వాళ్ళు మార్చబోయింది ఒక్క సంతకంతో, తేడా ఉంది అనబోయి ఊరుకున్నాను. పొత్తిళ్ళలో బిడ్డని పెట్టుకున్నవాడికి ఆ తేడాతో ఏం పని.

వాడి గ్రీన్ కార్డు కథ మరీ విడ్డూరం. అక్కడ వరస పుట్టిన దేశాన్ని బట్టి, ఏ దేశానికీ ఏడు శాతం మించి ఇవ్వరు. ఇండియాలో పుట్టినందుకు వాడి ముందు కొండంత వరస. "అమ్మ నన్ను కూడా రంగంలో కనుంటే ఈపాటికి వచ్చేసుండేది" అని నవ్వుతుంటాడు. నవ్వే అనుకోవాలి.

పదకొండు దాటాక అమ్మ బయటికొచ్చింది. చేతిలో పాస్‌పోర్టు లేదు. లేదంటే మంచిదే, వాళ్ళు ఉంచుకున్నారంటే ఇచ్చినట్టే. ఏమడిగారు అన్నాం నేనూ మావయ్యా ఒక్కసారి. కొడుకేం చేస్తాడు, ఎన్నాళ్ళుంటావు, ఇంతకు ముందు ఏ దేశమైనా వెళ్ళావా.

"లేదన్నాను. అప్పుడు ఆ తెల్లోడు కాగితం చూసీసి, ఎక్కడ పుట్టేవు అన్నాడు. రంగం అన్నాను. పక్కన తెలుగు చెప్పే అమ్మి ఉంది గదా, దానికి అర్థం కాలేదు. రంగమంటే ఏంటండీ అని నన్నే అడిగింది. రంగమంటే రంగమే గదమ్మా అన్నాను. రంగూనా అంది. ఆఁ అన్నాను. అంతే."

"ఇంకేం అడగలేదా?"

"వాడికి కంప్యూటర్లో అన్నీ కనపడతన్నాయి కాబోలు. నా మొహం కూడా సరిగ్గా చూడలేదు."

గురువారం

రైలు సాయంత్రం. పొద్దున్నే మావయ్య ఇంటికి ఒక కుర్రాడు వచ్చాడు, పొంగల్‌కి గోడలకి రంగు వేసిన కూలీ మిగతా డబ్బుల కోసం. గుమ్మిడిపూండి శ్రీలంక తమిళుల శిబిరం నుంచి. వాటిని ఇప్పుడు పునరావాస శిబిరాలంటున్నారు, 2021లో పేరు మార్చారు. రాష్ట్రంలో ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. శిబిరాల మగవాళ్ళలో చాలామందిది రంగుల పనే.

అమ్మకి మనిషి కనపడితే ఊరు అడగందే తోచదు. తనకొచ్చిన ఓడరేవు తమిళంలో అడిగింది. మన్నార్ అన్నాడు. నువ్వెప్పుడొచ్చావు అంటే, నేను రాలేదు పాటీ, ఇక్కడే పుట్టాను, 93లో అన్నాడు. మన్నార్ చూశావా? లేదు. పెళ్ళయిందా? అదే శిబిరం పిల్ల. ఒక పాప, రెండేళ్ళు. ఆధార్ ఉంది. ఓటు లేదు, పాస్‌పోర్టు లేదు. పని మీద రాత్రి బయట ఉండాలంటే చెప్పి రావాలి, లెక్క తీసుకునే రోజున తప్పకుండా ఉండాలి. అందుకే పొద్దున్నే వచ్చి పోతున్నాడు.

1993 అనగానే నాకు ఆ డిక్లరేషన్‌లోని రెండో తరగతి గుర్తొచ్చింది. తిరుచ్చి శిబిరంలో ఒకావిడ, రామేశ్వరం దగ్గరి మండపం అనే ఊళ్ళో 1986లో పుట్టింది, అంటే 1987 జూలై 1కి ఏడాదికి పైగా ముందు. ఆమెకి పాస్‌పోర్టు ఇవ్వమని మద్రాసు హైకోర్టు 2022లో చెప్పింది, 2024 ఎన్నికల్లో ఓటేసింది. ఇతను ఏడేళ్ళు ఆలస్యంగా పుట్టాడు. 2019 పౌరసత్వ సవరణలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ ఉన్నాయి, లంక లేదు. కొత్త చట్టం కింద 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైనవాళ్ళని కాగితాలు లేవని శిక్షించకూడదని నిరుడు సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చారు. శిక్షించరు, అక్కడితో సరి. ఇవన్నీ అతనికి చెప్దామా అనిపించింది. తర్వాత, అతనికి నాకంటే బాగా తెలిసే ఉంటుందని నోరు మూసుకున్నాను. మావయ్య పన్నెండు వందలు లెక్కపెట్టి ఇచ్చాడు. అమ్మ లోపలికెళ్ళి, పాపకి ఇమ్మని, డాలస్ మనవడి కోసం కొన్న రెండు గిలకల్లో ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

స్టేషనుకి బయల్దేరేముందు మావయ్య రేకుపెట్టెలోంచి తాతయ్య కాగితం తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మకిచ్చాడు. "నా దగ్గరుంటే చెదలు తినేస్తాయి అప్పా. దీన్నెవరూ అడగట్లేదు."

బండి కొరుక్కుపేట దాటి ఊపందుకుంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టింది. అక్షరాలు చదవలేదు, ఆ అయిదో తరగతి బర్మీస్ ఎప్పుడో పోయింది. ఊదారంగు నిశాని మీదే చాలాసేపు చూసి, నన్ను దగ్గరికి రమ్మంది.

"ఇదిగో, చూసేవా?"

గీతల మధ్యలో ఏటవాలుగా సన్నటి తెల్లటి చార. సిరా అంటని చోటు. ముద్ర సరిగ్గా పడలేదనుకున్నాను.

"కాదే. కొబ్బరికాయ కొడతా కత్తి జారింది. నాను పక్కనే ఉన్నాను. ఎంత నెత్తురు కారిందనుకున్నావు! అమ్మ పసుపద్ది గుడ్డ కట్టింది. రేవు పక్క ఇంట్లో."

ఏ సంవత్సరం అన్నాను. గుర్తులేదంది. టీ కుర్రాడు వచ్చాడు, రెండు చెప్పాం. అమ్మ కాగితం మడత పెట్టకుండా ఒళ్ళోనే ఉంచుకుని, కప్పు పట్టుకున్న చేతి బొటనవేలిని చీర కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది.